పడవ ఒకరిది, ఇంజను ఇంకొకరిది

పోయిన వారం మనం వదిలిపెట్టేసరికి ముత్యాలయ్య ఇంజను వాళ్ళింటి వరండాలో కూర్చుని ఉంది. పడవలో ఉండాల్సిన ఇంజనుకు వరండాలో ఏం పనో, చదివినవాళ్ళకు తెలుసు. చదవనివాళ్ళ కోసం నాలుగు ముక్కలు.

విడవలూరు అవతల, సముద్రం ఒడ్డున ఉండే కొత్తతిప్పపాలెంలో జనం క్రికెట్ చూడరు, కార్ల రేసు చూస్తారు. ఆ పిచ్చి అంటించింది ముత్యాలయ్యే. బ్రెజిల్ డ్రైవరు తవోరా జాలరి కొడుకని పన్నెండేళ్ళ కిందట ఎక్కడో విన్నాడు. విన్నదే తడవుగా "అయితే వాడు మనోడే" అని తీర్మానించేశాడు. ఊరు ఊరంతా తలూపింది. ముత్యాలయ్య ఇంజను, అతని బావ చిన్నపోలయ్య పడవ పొత్తు కలిసి పదకొండేళ్ళయింది. ఆ పడవ ముక్కు మీద తవోరా రంగులే, పచ్చా పసుపూ, తవోరా నంబరే, ఏడు.

ఈ ఏడాది కోయంబత్తూరు కుర్రాడు ఇళమారన్ ఆ పోటీల్లోకి వచ్చాడు. దాంతో ఊరు రెండు ముక్కలైంది. చిన్నపోలయ్య రాత్రికి రాత్రి ఇళమారన్ మనిషైపోయాడు. మొన్న ఆదివారం వానలో జరిగిన రేసులో, ఇంకా రెండు చుట్లు ఉన్నాయనగా, ఒక మలుపులో తవోరా కారూ ఇళమారన్ కారూ గుద్దుకున్నాయి. రెండూ పోయాయి. తప్పు ఇళమారన్‌దే అని తీర్పు వచ్చింది. తీర్పు చెప్పిన ముగ్గురిలో ఒకడు తవోరా దేశం వాడే కావడంతో మంటకు కిరసనాయిలు దొరికింది. "దేశం మీద అభిమానం లేనోడు" అన్నాడు చిన్నపోలయ్య. "పన్నెండేళ్ళు మోసినోణ్ణి ఒక్కరోజులో దించినోడు" అన్నాడు ముత్యాలయ్య. అని ఊరుకోక, టీవీ తీగ పీకేసి, తన ఇంజను విప్పించి, వెదురు బొంగుకు కట్టించి, నలుగురి చేత ఇంటికి మోయించుకున్నాడు.

ఇవాళ శుక్రవారం. వేట నిషేధం ఆదివారంతో సరి. సోమవారం తెల్లారితే అన్ని పడవలూ సముద్రంలో ఉంటాయి, ఈ ఒక్కటీ తప్ప.

ఈ గొడవలో అడకత్తెరలో పోకచెక్కలా నలిగింది వనజాక్షి. ముత్యాలయ్యకు పెళ్ళాం, చిన్నపోలయ్యకు చెల్లెలు. రెండు నెలల నిషేధం అయ్యాక మొదటి రోజు పడవలో పడిన మొదటి చేప ఇంటి ఆడపడుచుకివ్వడం ఆ ఊరి ఆచారం. ఇరవై ఆరేళ్ళుగా చిన్నపోలయ్య ఆ చేప తెచ్చి చెల్లెలి చేతిలో పెట్టనిదే కాళ్ళు కడుక్కున్నది లేదు. ఒక ఏడాది వంజరం, ఒక ఏడాది వేలెడంత కవళ్ళు. ఏది పడితే అది. చేప చిన్నదైనా ఆమె ముఖం చిన్నబోయేది కాదు. ఈసారి ఆ చేప రాదేమోనన్న దిగులుతో అయిదు రోజులుగా ఆమెకు అన్నం సయించలేదు. అందుకే నిన్న పొద్దున ఊళ్ళో తగువులు తీర్చే పెద్దకాపు హజరత్తయ్య ఇంటికి పోయి, "వాళ్ళిద్దర్నీ నువ్వు పిలిపిస్తావా, నన్ను పిలిపించమంటావా?" అని అడిగింది. ఆయన పిలిపించాడు.

ఇవాళ సాయంత్రం నాలుగింటికి వలల షెడ్డు ముందు జనం చేరారు. ఇసుకలో పడవ ఉంది. ఇంజను ఉండాల్సిన చోట నాలుగు బోల్టు రంధ్రాలు నోళ్ళు తెరుచుకుని చూస్తున్నాయి. ఆడవాళ్ళు ఎండుచేపల చాపల దగ్గర నిలబడ్డారు. వనజాక్షి అందరికంటే ముందు నిలబడింది. ఆమె చంకలో ఒక గోనెసంచి ఉంది. ఉప్పు సంచి కాబోలనుకుని ఎవరూ అడగలేదు.

హజరత్తయ్య గొంతు సవరించుకున్నాడు. "చూడండబ్బా. రేసులో ఎవురిది తప్పో చెప్పేదానికి నేను కూర్చోలా. అది చెప్పేవోళ్ళు వేరే ఉండారు. పడవా ఇంజనూ విడిపోవాల్నా, కలిసుండాల్నా, అదీ ఇయ్యాల తేలాల్సింది. మన పద్ధతి ప్రకారమే తేలుద్దాం. పడవ మారండి."

జనంలో గుసగుసలు బయలుదేరాయి. పడవ మారడమంటే అక్కడ చిన్నపిల్లలకూ తెలుసు. సముద్రంలో రెండు పడవల వలలు చిక్కుపడి తగువొస్తే, ఈ పడవవాడు ఆ పడవలోకి, ఆ పడవవాడు ఈ పడవలోకి ఎక్కాలి. ఎక్కి, ఎదుటివాడి మాటను తన నోటితో, "నేను" అంటూ చెప్పాలి. విన్న ఎదుటివాడు "ఔ, అదే నా మాట" అనేదాకా చెబుతూనే ఉండాలి. మూడుసార్లు చెప్పినా ఆ మాట రాకపోతే ఇక పొత్తు లేదు, వల కోసేసి ఎవరి ముక్క వాళ్ళు పట్టుకుపోవడమే.

"వలకైతే సరే. కార్ల రేసుకు కూడానా?" అన్నాడు వెనకనుంచి నరేంద్రబాబు. ఇళమారన్ జట్టు కుర్రకారుకు నాయకుడతను.

"చిక్కు చిక్కే. గమ్మునుండు" అన్నాడు హజరత్తయ్య.

ఉన్నది ఒకటే పడవ కాబట్టి పడవ యజమాని ఇంజను చోట, ఇంజను యజమాని పడవ ముక్కు దగ్గర నిలబడాలని తేల్చారు. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూడకుండా ఎక్కారు. చిన్నపోలయ్య ఇంజను దిమ్మె మీద కాలు పెట్టి, జనం వంక కాక సముద్రం వంక చూస్తూ మొదలుపెట్టాడు.

"నేను ముత్యాలయ్యను. నాకు తవోరా అంటే ప్రాణం. ఎందుకంటే వాడి నాయన మనమాదిరి తెల్లారుజామున లేచి వలేసినోడు. తొలి రేసు గెలిచిన రోజు ఆ కప్పును నాయన పడవలో పెట్టి సముద్రం మీదికి తీసకపోయినాడు. ఆ వీడియో చూసి నేను ఏడ్చినా. మా బావ కూడా ఏడ్చినాడు. ఏడవలేదంటాడు గానీ ఏడ్చినాడు."

జనం నవ్వారు. ముత్యాలయ్య నవ్వలేదు గానీ మీసం కదిలింది.

"వాడికిప్పుడు ముప్పై తొమ్మిదేళ్ళు. రేపో మాపో మానేస్తాడు. మొన్న పదకొండో చోటు నుంచి మొదలుపెట్టి, వానలో ఒక్కొక్కణ్ణే దాటుకుంటా రెండో చోటుకొచ్చినాడు. ముందుండేది ఆ ఇళమారన్ ఒక్కడే. ఆ మలుపులో లోపలి పక్కన సందు కనపడింది. దూరినాడు. సగం కారు పక్కకొచ్చేసింది. ఆ పిల్లోడు చోటియ్యాల్సింది. ఇయ్యలా. వాడు దేశం కోసం తోలతాండాడా, నా తవోరా దేశం కోసం తోలతాండాడా? ఇద్దరూ తోలేది కడుపు కోసం. దాన్ని పట్టుకోని మా బావ నన్ను నలుగురిలో దేశం మీద అభిమానం లేనోడన్నాడు. కార్గిల్లో చచ్చిపోయిన మా పెదనాయన కొడుకు ఫోటోకు ఏటేటా దండేసేది నేనే. ఆ మాట నన్ను అనొచ్చునా?"

చివరి మాటకొచ్చేసరికి చిన్నపోలయ్య చూపు సముద్రం వదిలి ముత్యాలయ్య మీదికొచ్చింది. వనజాక్షి కళ్ళొత్తుకుంది. అన్న నోటి వెంట మొగుడి బాధ అంత సూటిగా వస్తుందని ఆమె అనుకోలేదు. తనైనా అంత బాగా చెప్పలేకపోయేదని ఒప్పుకుంది కూడా.

"ఔ" అన్నాడు ముత్యాలయ్య నేల చూపులు చూస్తూ. "అదే నా మాట."

ఒక్కసారికే తేలిపోయింది. ఇక ముత్యాలయ్య వంతు. అతను ఛాతీ విరుచుకుని పడవ ముక్కు పట్టుకున్నాడు.

"నేను చిన్నపోలయ్యను. మొన్నటిదాకా తవోరా తవోరా అని అరిచినా. టీవీలో జెండా కనపడంగానే మారిపోయినా. నాకు రేసు తెలీదు, జెండా తెలుసు..."

"ఆపబ్బా" అన్నాడు హజరత్తయ్య. "అది నువ్వు వాణ్ణి తిట్టేది. వాడు చెప్పుకునేది కాదు. ఒకటి అయింది."

రెండోసారి ముత్యాలయ్య నెమ్మదిగానే మొదలుపెట్టాడు గానీ, ఇళమారన్ ఎక్కడ పుట్టాడో, ఎన్నో చోటు నుంచి మొదలుపెట్టాడో అతనికి తెలియదు. ఈ ఏడాది ఆ కుర్రాడు టీవీలో కనబడినప్పుడల్లా బీడీ కోసం బయటికి పోవడమే తప్ప, చూసిందెప్పుడు? రెండు ముక్కలు చెప్పి నిలబడిపోయాడు. చిన్నపోలయ్య తల అడ్డంగా తిప్పాడు.

"రెండు అయినాయి" అన్నాడు హజరత్తయ్య.

ఇంకొక్కటి తప్పితే పొత్తు తెగినట్టే. వనజాక్షి ఉండబట్టలేక కేకేసింది. "ఏమయ్యా! రేసు తెలీకపోతే పోనీ. వాన తెలీదా నీకు? సముద్రం తెలీదా? ఆ పిల్లోడి సీట్లో కూర్చోని చూడు!"

"ఆడోళ్ళు మాట్లాడకూడదు" అన్నాడు నరేంద్రబాబు.

"నువ్వు మాట్లాడొచ్చునంటనా?" అన్నాడు హజరత్తయ్య.

ముత్యాలయ్య పడవ ముక్కు మీద చెయ్యి ఆనించి సముద్రం వైపు తిరిగాడు. ఈసారి మాట్లాడినప్పుడు గొంతులో బడాయి లేదు.

"నేను... నేను ఇళమారన్ పక్క మనిషిని. ఆ పిల్లోడి సీట్లో కూర్చోని చెప్తాండా. వాన పడతా ఉండాది. వాన నీళ్ళు మొహానే కొడతాండాయి. అద్దంలో చూస్తే నీళ్ళే. ఎనక ఎవురుండారో, పక్కన ఎవురుండారో తెలీదు. మంచులో పడవ తోలినట్టే. నా దోవన నేను పోతాండా. మలుపొచ్చింది, తిప్పినా. తగిలినాకనే తెలిసింది పక్కన మనిషుండాడని. నేను చూళ్ళా. చూసుంటే తిప్పుతానా? తవోరా నాకు పగోడా? వాడి బొమ్మ గోడకు అంటించుకోని పెరిగినోణ్ణే నేను."

చిన్నపోలయ్య ఉలిక్కిపడి చూశాడు.

"మార్గశిర మాసం" అన్నాడు ముత్యాలయ్య. అక్కడ మార్గశిరం ఎందుకొచ్చిందో ఎవరికీ అర్థం కాలేదు. "తెల్లారుజాము. నా పాత పడవలో పోతాండా. చెయ్యి చాపితే చెయ్యి కనపళ్ళా, అంత మంచు. ఇంజను ఉన్నట్టుండి బరువుగా తిరిగింది. నాచు అనుకున్నా. ఒడ్డుకొచ్చి చూస్తే, నీళ్ళలో తిరిగే ఇంజను ఫ్యానుకు చుట్టుకోని నీలం వల దారం. అది ఎవురి వలో నాకు తెలుసు. ఊళ్ళో నీలం దారం వాడేది ఒక్కడే."

వనజాక్షి చేతిలో కొంగు చేతిలోనే ఉండిపోయింది. పదకొండేళ్ళ కిందటి సంగతది. చిన్నపోలయ్య కొత్త వల సముద్రంలో తెగిపోతే, అది పొరుగు రాష్ట్రం నుంచొచ్చిన మరబోట్ల పనే అని ఊరంతా తేల్చింది. ఆ బోట్లవాళ్ళ భాష వేరు, ఊరు వేరు, తప్పు వాళ్ళది కాక ఇంకెవరిదవుతుంది? నెల రోజులు ఆ బోట్లను ఒడ్డు దగ్గరికి రానివ్వలేదు. అందరికంటే ముందు కర్ర పట్టుకుని నిలబడ్డది ముత్యాలయ్యే.

"తగిలింది తప్పు కాదు. కనపళ్ళేదు" అన్నాడతను. "ఒడ్డుకొచ్చినాక చెప్పాల్నా లేదా? అదీ తప్పు. పరాయోళ్ళ మీద పడిపోయింది, నేను గమ్మునుండిపోయినా. ఆ బరువు మొయ్యలేకనే నా పాత పడవ అమ్మేసి, నా ఇంజను తెచ్చి నీ పడవలో పెట్టినా, బావా. పొత్తు అని పేరు పెట్టినా గానీ, అది నీ వల బాకీ."

చిన్నపోలయ్య ఇంజను దిమ్మె దిగి, పడవ పొడుగునా నడుచుకుంటూ ముక్కు దాకా వచ్చాడు. కొడతాడేమోనని ఇద్దరు ముందుకొచ్చారు కూడా.

"నాకు తెలుసు" అన్నాడు చిన్నపోలయ్య.

"ఏంది?"

"ఆ పొద్దు సాయంత్రం నీ పడవలో పొగచుట్ట మర్చిపోయి ఎనక్కి వచ్చినా. నువ్వు సగం దారం కోసి, సగం వదిలేసి పోయినావు. మిగిలింది నేనే కోసేసినా. ఎవురికంటా పడకూడదని."

"తెలిసీ మరబోట్ల మీదికి ఎందుకు పోయినావు మరి?"

"నువ్వని చెప్తే ఏమొస్తాది? చెల్లెలి మొగుడివి. పరాయోడని చెప్తే ఊరంతా నా పక్కన నిలబడింది. బాగనిపించింది. మనోడి తప్పు మోసేదానికంటే పరాయోడి మీద వేసేది సులువు బావా. మొన్న ఆదివారం కూడా అదే చేసినా. ఆ మలుపు పదిసార్లు చూసినా. పిల్లోడిదే తప్పు. తీర్పు చెప్పినోళ్ళ దేశం వెతికినా గానీ, తప్పు ఒప్పుకోలేకపోయినా." అని హజరత్తయ్య వైపు తిరిగాడు. "ఔ. అదే నా మాట."

ఎవరో ఈల వేశారు. బావలిద్దరూ చేతులు పట్టుకుని, ఏం చేయాలో తెలియక, పట్టుకున్న చేతులు వదలకుండా నిలబడ్డారు. వనజాక్షికి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. ఆ వెంటనే కోపమూ వచ్చింది. పదకొండేళ్ళు ఇద్దరూ తన చేతి కూడు తింటూ తన దగ్గరే దాచారు! పోనీలే, చేప వస్తుంది కదా అని కోపాన్ని కాస్త పక్కన పెట్టింది. పారేయలేదు, పక్కన పెట్టింది.

ఇంజను తేవడానికి నలుగురు పరిగెత్తారు. టీ వచ్చింది. హజరత్తయ్య పంచె దులుపుకుని లేవబోతుంటే, నరేంద్రబాబుకు ఊరికే ఉండడం చేతకాలేదు. "అంతా బాగానే ఉండాది పెద్దాయనా. పడవ ముక్కుకు ఎవురి రంగు?"

"ఇళమారన్‌ది వెయ్యండి" అన్నాడు ముత్యాలయ్య ధారాళంగా.

"వద్దు, తవోరాదే ఉండనీ" అన్నాడు చిన్నపోలయ్య.

"నేను చెప్తాండా కదా బావా, నీ పిల్లోడిదే."

"పెద్దోడు మానేసే ఏడాది. వాడిదే ఉండాల."

"నా మాట వినవా?"

"నువ్వు నా మాట ఎప్పుడన్నా విన్నావా?"

నిమిషం తిరక్కుండానే ఇద్దరి గొంతులూ పెరిగాయి. హజరత్తయ్య మళ్ళీ కూలబడి తల పట్టుకున్నాడు. ఇంతలో ఇంజను మోసుకొచ్చిన నలుగురిలో ఒకడు అరిచాడు. "పెదబావా, ఇంజను తిప్పే హ్యాండిలు లేదు! వరండా అంతా వెతికినాం."

హ్యాండిలు లేకపోతే ఇంజను తిరగదు. తిరక్కపోతే అది ఇనపముద్ద. ముత్యాలయ్య కంగారుగా చుట్టూ చూశాడు. వనజాక్షి గోనెసంచిలోంచి ఇనప హ్యాండిలు బయటికి తీసింది.

"ఇదిగో. అయిదు రోజులుగా నా దగ్గరే ఉండాది. ఇస్తా. ముందు నా మాటకు జవాబు చెప్పండి. ఆ రేసు ఎవురు గెలిచినారు?"

ముత్యాలయ్య చిన్నపోలయ్యను చూశాడు. చిన్నపోలయ్య నరేంద్రబాబును చూశాడు. నరేంద్రబాబు ఫోనులో ఆ రేసువి నూటయాభై వీడియోలున్నాయి, అన్నీ గుద్దుడువే. గుద్దుకున్న తర్వాత ఏమైందో ఆ ఊళ్ళో ఒక్కడూ చూడలేదు.

"మీరు టీవీ తీగ పీకి కొట్టుకుంటాండారు. నేను ఎండుచేపలు తిరగేస్తా మా కూతురు అనూష ఫోనులో చూసినా. పిట్టపోరు పిట్టపోరు పిల్లి తీర్చింది. పద్నాలుగో చోటు నుంచి మొదలుపెట్టి, వీళ్ళ ఎనకాలే వచ్చిన పిల్ల గెలిచింది. నిలూషి. ముప్పై ఎనిమిదో నంబరు. ఇరవై మూడేళ్ళు. ఒక్కణ్ణి కూడా తాకలా. గెలిచి కారు దిగంగానే మైకు పెడితే ఆ బిడ్డ ఏమడిగిందో తెలుసా? వాళ్ళిద్దరికీ దెబ్బలేమన్నా తగిలినాయా అని. ఇంత ఊరుండాది, అయిదు రోజులుగా అరస్తాండారు. మీలో ఒక్కడన్నా ఆ మాట అడిగినాడా?"

నరేంద్రబాబు ఫోను జేబులో పెట్టుకున్నాడు. వనజాక్షి హ్యాండిలు చంకలో పెట్టుకుంది.

"నిషేధం ఎత్తేలోపల ఆ ముప్పై ఎనిమిది పడవ ముక్కు మీద ఉండాల. అప్పుడే హ్యాండిలు."

"వేద్దాం, దానికేముంది" అన్నాడు ముత్యాలయ్య మెత్తబడి. "ఏ దేశం పిల్ల ఇంతకీ?"

"శ్రీలంక."

"జాలరోళ్ళను పట్టకపోయే లంకోళ్ళ నంబరా? మన పడవకా?" బావలిద్దరి నోటా ఒకే మాట, ఒకేసారి వచ్చింది. అయిదు రోజుల్లో వాళ్ళిద్దరూ ఏకమైన మొదటి సంగతి అది.

వనజాక్షి వాళ్ళను తేరిపార చూసింది. ఇందాక పక్కన పెట్టిన కోపం ఇప్పుడు అక్కరకొచ్చింది. "సరే. పద్ధతి ప్రకారమే పోదాం. పడవ మారదాం. నా మాట మీరు చెప్పండి, మీ మాట నేను చెప్తా" అంటూ చీర కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుంది.

కొత్తతిప్పపాలెం పుట్టినప్పటి నుంచీ ఆడమనిషి వేట పడవలో అడుగు పెట్టిన దాఖలా లేదు. అడుగు పెడితే ఆ పడవ సముద్రంలోకి పోకూడదని కట్టుబాటు. ఆ సంగతి అక్కడున్న అందరికంటే ఆమెకే బాగా తెలుసు. "మే, వనజా, వద్దు!" అని ముత్యాలయ్య అరిచేలోపే, "చెల్లే!" అని చిన్నపోలయ్య చెయ్యి అడ్డం పెట్టేలోపే, చంకలో ఇనప హ్యాండిలుతో వనజాక్షి కుడికాలు ఎత్తి పడవ అంచు మీద పెట్టింది.